వాన నాటకంలో రాణి పద్యం

'వన్స్ మోర్' అనే అరుపు వింటే తిరుపాలమ్మకు ఈ మధ్య కాళ్ళూ చేతులూ చల్లబడుతున్నాయి. వింటే నవ్వొచ్చే సంగతే. ఒకప్పుడు ఆ అరుపు కోసమే బతికిన మనిషి ఆమె. అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా రాణి వేషం కట్టింది. పద్యం ముగించి, పైకెత్తిన చెయ్యి దించీ దించకముందే జనంలోంచి ఎవడో ఒకడు ఈల వేసి "వన్స్ మోర్" అనకపోతే ఆ పూట ఆమెకు అన్నం సయించేది కాదు. ఇప్పుడేమో ఆ అరుపు ఎక్కడ వినబడుతుందోనని, పాడుతున్నంతసేపూ గుండె పీచుపీచుమంటూనే ఉంటుంది. గొంతులో ఒక్కసారికి సరిపడా మాత్రమే మిగిలింది మరి. రెండోసారికి లేదు.

మళ్ళీ పాడకుండా తప్పించుకోవచ్చు కదా అనేవాళ్ళు మా పల్లె నాటకం చూడనివాళ్ళు. వన్స్ మోర్ అన్నాక పాడి తీరాల్సిందే. పాడనంటే ఊరి మొత్తాన్నీ అవమానించినట్టు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా పాడాలి. పసిబిడ్డ తెర వెనక పాలకు ఏడుస్తున్నా పాడాలి. తిరుపాలమ్మ రెండూ చేసింది.

ఇక్కడ పల్లెల్లో నాటకం కట్టేది కంపెనీలు కాదు, ఊరి రైతులే. సేద్యం పనులు తెరిపి ఇచ్చినప్పుడు ఒక హార్మోనియం మేష్ట్రును పిలిపించుకొని, తిండి పెట్టి, చాప వేసి, నెలల తరబడి పద్యాలు నేర్చుకుంటారు. మడక దున్నేవాడు రాజవుతాడు. గొర్రెలు కాసేవాడు మంత్రవుతాడు. ఆడవేషం మాత్రం ఊళ్ళో వాళ్ళు కట్టరు, దానికి అనంతపురం నుంచి 'లేడీ' రావాలి. లేడీ వచ్చేది నాటకం రోజునే. అంతదాకా రాణి మాటలన్నీ మేష్ట్రే పలుకుతుంటాడు. అందుకని ఊరి రాజుకు తన రాణి ముఖమెట్లా ఉంటుందో తెలియదు, ఆమె పద్యంలో ఆఖరి ముక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ ముక్క చెవిన పడితే తెర తొలగించుకొని స్టేజీ మీదికి వస్తాడు. పడకపోతే పిడుగు పడినా రాడు.

పామిడి దగ్గర ఒక ఊళ్ళో ఒకసారి తిరుపాలమ్మ తొందరలో "ప్రభూ" అనాల్సిన చోట "స్వామీ" అంది. రాజు రాలేదు. ఆమె స్టేజీ మీద అటూ ఇటూ తిరిగింది, పూలు కోసినట్టు నటించింది, లేని చెలికత్తెను పిలిచింది. చివరికి తెర పక్కకు పోయి పళ్ళ బిగువున "రావేమప్పా?" అని అడిగితే, ఆ రాజు మీసం సవరించుకుంటూ, "నువ్వింకా ప్రభూ అనలేదు గదక్కా" అన్నాడు. ఆ కథ చెప్పుకొని ఆమె, దాసప్ప ఏళ్ళ తరబడి పొట్ట చేత్తో పట్టుకొని నవ్వేవాళ్ళు. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

దాసప్ప ఆమె మొగుడు. హార్మోనియం మేష్ట్రు. ఆమె గొంతును మొట్టమొదట విన్నవాడూ ఆయనే.

తిరుపాలమ్మది పెన్న ఒడ్డున ఒక పల్లె. నాయన గొర్రెల కాపరి. పెన్నలో నీళ్ళు పారడం ఆమె చూసింది తక్కువ, ఇసుకే ఎక్కువ చూసింది. ఈ ఒడ్డున నిలబడి ఆ ఒడ్డున మేసే గొర్రెల్ని పిలిస్తే, అంత ఇసుక మీదుగా ఆ పిలుపు ఎక్కడా సడలకుండా పోయేది. ఆ ఊళ్ళో రైతులకు పద్యాలు నేర్పడానికి వచ్చిన దాసప్ప ఒక పొద్దున అది విన్నాడు. హార్మోనియం ఆపి, "ఎవురిదప్పా ఆ గొంతు?" అని అడిగాడు. ముత్యాలప్ప కూతురిదన్నారు. నేరుగా ముత్యాలప్ప దగ్గరికి పోయి, నీ కూతురికి పద్యం నేర్పుతానన్నాడు. ముత్యాలప్ప చేతిలో కట్టె లేచింది. "నా బిడ్డను నాటకాల్దాన్ని చేస్తావా?" అని పెన్న ఇసుకలో అంత దూరం తరిమాడు.

దాసప్ప మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. పద్యం నేర్పుతాననే మాట మానేసి పెళ్ళి చేసుకుంటానన్నాడు. ముత్యాలప్ప కట్టె దించాడు గానీ, పెళ్ళయ్యాక ఆమె పద్యం నేర్చి స్టేజీ ఎక్కితే ఊరు నోరు దించలేదు. చెప్పకేం, మన మగవాళ్ళ సంగతి అంతే. స్టేజీ మీద పాడినప్పుడు ఈలలు వేసి వన్స్ మోర్ అరిచింది వాళ్ళే, మరుసటి రోజు బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉంటే తమ ఇంటి ఆడవాళ్ళను కూర్చోనివ్వనిదీ వాళ్ళే. తిరుపాలమ్మ ఇవన్నీ దిగమింగింది. నాటకం రోజు సాయంకాలం ముఖానికి రంగు పడితే చాలు, అవేవీ గుర్తుండేవి కావు.

అనంతపురం పాతూరులో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆ రోజుల్లో టవర్ క్లాక్ దగ్గర ఒక టీ అంగడి ముందర ఆర్టిస్టులు పొద్దున్నే చేరేవాళ్ళు. పల్లెల నుంచి జనం వచ్చి, మాకు ఫలానా లేడీ కావాలని అడిగి పిలుచుకుపోయేవాళ్ళు. తిరుపాలమ్మ కోసం రెండు ఊళ్ళవాళ్ళు ఆ అంగడి ముందరే చొక్కాలు పట్టుకున్న రోజు ఉంది. ఇప్పుడా అంగడిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. జాతరకు నాటకం కన్నా ఆర్కెస్ట్రా చవక, ఆర్కెస్ట్రా కన్నా డీజే చవక. ఊళ్ళో కళాభవనం ఉంది, నాటకాల పోటీలూ పెడతారు. పోయి చూస్తే కుర్చీల్లో కూర్చున్న వాళ్ళంతా తమ వంతు కోసం రంగు పూసుకొని కాచుకున్న వాళ్ళే. చప్పట్లు కూడా ఒకరికొకరు అప్పిచ్చుకున్నట్టు కొట్టుకుంటారు.

అయినా బండి నడిచింది. గొంతుంది కాబట్టి నడిచింది.

మొదట బొంగురు వచ్చింది. జలుబనుకుంది. అతిమధురం నమిలింది, మిరియాల కషాయం తాగింది, పటికబెల్లం బుగ్గన పెట్టుకొని పడుకుంది. తగ్గలేదు. ఐదో శ్రుతిలో పాడే మనిషి ఆమె. ఒకరోజు రాప్తాడు పక్కన నాటకంలో దాసప్ప ఒక్క మాట చెప్పకుండా హార్మోనియం నాలుగున్నరకు దించాడు. మొదటి స్వరానికే ఆమెకు తెలిసిపోయింది. పద్యం ముగించి తెర వెనక్కి పోయి, కిరీటం తీయకుండానే గోడకు ఆనుకొని ఏడ్చింది. ఇంటికి పోయేటప్పుడు ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. తర్వాత నాలుగుకు దిగింది.

వన్స్ మోర్ తప్పించే ఉపాయం కూడా దాసప్పే కనిపెట్టాడు. ఆమె పద్యం ఆఖరి ముక్క నోట్లో ఉండగానే ఆయన తర్వాతి సీను వాయింపు ఎత్తుకునేవాడు. జనం నోరు తెరిచేలోగా రాజు స్టేజీ మీద ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళు చప్పట్లు కొట్టించిన మనిషి, ఇప్పుడు చప్పట్లు పడకుండా ఆపే పని చేశాడు. అది చేస్తున్నప్పుడు ఆయన ముఖం చూడలేక తిరుపాలమ్మ ఎటో చూసేది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ గొంతులోకి సన్నటి గొట్టం దించి చూసింది. "కాయ కట్టిందమ్మా లోపల. మడక పట్టే చేతికి కాయ కాస్తుంది చూడండి, అట్లాంటిదే. కొన్ని నెలలు పాడొద్దు. గట్టిగా మాట్లాడను కూడా వద్దు. మానితే మానుతుంది, లేకపోతే ఆపరేషన్ సంగతి చూద్దాం. ఈ లోపల బలవంతంగా గొంతెత్తితే మాత్రం లోపల తెగుతుంది. తెగితే నేనేం చేయలేను."

"పాడకుండా ఎట్ల ఉండేది మేడం?" అంది తిరుపాలమ్మ.

"పాడితే ఎట్లా ఉంటారో అది ఆలోచించుకోండి" అంది డాక్టరమ్మ.

ఆ మాట పట్టుకొని తిరుపాలమ్మ ఆసుపత్రి గేటు నుంచే మౌనం మొదలుపెట్టింది. షేర్ ఆటో అబ్బాయి "యాడికమ్మా?" అంటే చేత్తో చూపించింది. వాడు వెనక్కి తిరిగి, "పాపం మూగామెప్పా, కొంచెం జరిగి సీటియ్యండి" అన్నాడు. పక్కనున్నాయన జాలిగా జరిగాడు. తిరుపాలమ్మ పాతూరు దాకా పళ్ళు కరుచుకొని కూర్చుంది. ఇంట్లో అడుగు పెట్టగానే, ఏ పాపమూ ఎరగని దాసప్ప మీద, బిందె మూత పెట్టలేదని గొంతు చించుకొని అరిచింది. తన గొంతు తనకు వినబడితే చాలనిపించింది ఆమెకు. దాసప్ప లేచి బిందె మీద మూత పెట్టాడు.

కూతురు పద్మజ రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడుతుంది. ఆ రోజే ఫోన్ చేసింది. "మా, ఈడికి వచ్చెయ్. కుట్టినంక దారాలు కత్తిరించే పని ఉండాది. కూచోని చేసేదే. గొంతుతో పన్లేదు." బిడ్డ మంచికే చెప్పింది. "గొంతుతో పన్లేదు" అన్న మాట మాత్రం తిరుపాలమ్మకు ముల్లులా దిగింది. ఫోన్ పెట్టేసింది.

శ్రావణం వచ్చింది. వాన రాలేదు. విత్తనం వేసినప్పుడు ఊరించిన రెండు చినుకులు తప్ప మళ్ళీ మబ్బు జాడ లేదు. ఒక మధ్యాహ్నం సుంకప్ప వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. బత్తలపల్లె అవతల ఒక చిన్న ఊరి రైతు. ఆ ఊరికి ఒక ఆనవాయితీ ఉంది. కరువు ముంచుకొచ్చిన ఏడు వాన నాటకం కడతారు. ఎప్పుడో వాళ్ళ ఊరి పెద్దాయన ఒకాయన కట్టిన కథ అది. రాజ్యంలో కరువొస్తుంది, రాజు తన తల నేలకు అర్పించడానికి కత్తి పట్టుకొని బయలుదేరుతాడు, అంతకు ముందు రాణి ఆకాశం వైపు చేతులు చాచి ఒక పద్యంలో వాన అడుగుతుంది. అన్ని నాటకాలూ రాత్రి ఆడితే దీన్ని పట్టపగలు ఆడతారు, ఆకాశం చూడాలని. స్టేజీ మీద పందిరి వేయరు. చూసేవాళ్ళు గొడుగు పట్టరు, తలకు తువ్వాలు కూడా చుట్టరు. గొడుగు పట్టి వాన అడిగితే ఎవరిస్తారు?

ఆ ఊళ్ళో రాణి ఎప్పుడూ తిరుపాలమ్మే. కొత్త పెళ్ళికూతురుగా మొదటిసారి పాడినప్పుడు, ముఖం రంగు కడుక్కోవడానికి నీళ్ళు అడగాల్సిన పని లేకుండా వాన వచ్చి కడిగేసింది. తర్వాత కరువేళ్ళలో మళ్ళీ మళ్ళీ పాడింది. వచ్చిన వానలున్నాయి, రానివీ ఉన్నాయి. ఊరికి వచ్చినవే గుర్తు. నిజం చెప్పాలంటే తిరుపాలమ్మకూ అంతే.

ఈ ఏడు రాజు వేషం సుంకప్పది. నేర్పుతున్నది దాసప్పే. రాణిగా జయంతి వస్తుందని ఊరికి ఆయన ముందే చెప్పి ఉన్నాడు. జయంతి పాతికేళ్ళ పిల్ల, ఆర్కెస్ట్రాలో పాడుతుంది, తిరుపాలమ్మ దగ్గరే నాలుగు పద్యాలు నేర్చుకుంది.

"అక్కా, శెనిక్కాయ ఊడలు దిగే టయానికి ఎండ కాలుస్తాండాది" అన్నాడు సుంకప్ప. "ఇంగ ఇట్లే ఉంటే చెట్లు పెరికి గొడ్లకు ఏసుకోవాల్సిందే. నువ్వు రావాల."

"ఆయమ్మకు బాగలేదని చెప్పినా గదప్పా" అన్నాడు దాసప్ప. "జయంతి బాగా పాడతాది."

"పాడతాది మేష్ట్రూ, కాదనను. వానకు ఆ పిల్ల గొంతు తెలీదు గదా."

ఆ మాట విని దాసప్ప తల పట్టుకున్నాడు. తిరుపాలమ్మ మాత్రం చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపింది. ఎన్నాళ్ళయిందో అట్లాంటి మాట విని! టవర్ క్లాక్ దగ్గర ఎవరూ అడగని గొంతు, కూతురు పన్లేదన్న గొంతు, ఆకాశానికి గుర్తుందంటున్నాడు ఈ మనిషి. "వస్తానప్పా. పో" అంది.

సుంకప్ప పోయాక దాసప్ప విరుచుకుపడ్డాడు. "మతి పోయినాదా నీకు? డాక్టరమ్మ ఏం చెప్పినాది?"

"ఒక్క పద్యమయ్యా. మిగతా మాటలు మెల్లగా అనేస్తా. ఒక్క పద్యం."

"వన్స్ మోర్ అంటారే! వాన నాటకంలో ఎన్నిసార్లు పాడిస్తే అంత మంచిదంటారు వాళ్ళు. అప్పుడేం చేస్తావు?"

మరుసటి రోజు సంగతి విని వచ్చిన జయంతి ఒక ఉపాయం చెప్పింది. "అక్కా, పోయిన కరువులో నువ్వీ పద్యం పాడింది నా ఫోన్లో ఉండాది. స్పీకర్లో ఏస్తాం. నువ్వు పెదాలు ఆడించు, సాలు. ఎన్ని వన్స్ మోర్లన్నా రానీ."

తిరుపాలమ్మకు ఒళ్ళు మండింది. "పెండ్లి స్టేజీ మీదైతే ఆడిస్తానమ్మే. ఈడనా? తలకు గుడ్డ గూడా కట్టకుండా ఎండలో కూచుంటారే వాళ్ళు, వాళ్ళ ముందర ఫోన్ పెట్టి పాడిస్తానా?"

చివరికి దాసప్పే దారి వెతికాడు. సుంకప్పను కూర్చోబెట్టి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "చూడప్పా, రాణి పద్యంలో ఆఖరి ముక్క ఏంది?"

"చినుకు రాల్చు తండ్రీ."

"ఆ తండ్రీ అనే మాట ఆయమ్మ నోట్లోంచి వచ్చీ రాకముందే నువ్వు దూకల్ల. జనానికి అరిచే సందు ఇయ్యగూడదు. అర్థమైనాదా? ఆ మాట రాకముందు మాత్రం కాలు కదిలియ్యొద్దు, పద్యం పాడైతాది."

"ఆ మాట రానీ మేష్ట్రూ, పులి మాదిరి వస్తా" అన్నాడు సుంకప్ప. అన్నట్టే రోజూ దాన్ని సాధన చేశాడు పాపం. బావి దగ్గర, చేను గట్టున, ఎవరైనా "తండ్రీ" అంటే చాలు, చేతిలో ఏముంటే అది కత్తిలా పట్టుకొని ముందుకు దూకేవాడు.

నాటకం రోజు ఎండ నిప్పులు కురిపించింది. కళ్ళంలో రెండు ట్రాక్టరు ట్రాలీలు జోడించి స్టేజీ చేశారు. పైన ఏమీ లేదు, వెనక ఒక తెర, పక్కన ఒక తెర, ముందర ఒక మైకు. ఊరంతా ఒట్టి తలలతో నేల మీద కూర్చుంది. ముందు వరుసలో ఆడవాళ్ళు తమ తమ చేలలోంచి ఒక్కో శెనిక్కాయ చెట్టు వేళ్ళతో సహా పెరికి తెచ్చి స్టేజీ అంచున పెట్టారు. ఆనవాయితీ అది. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. కాయ కట్టాల్సిన ఊడలు నేలను అందుకోలేక గాలిలోనే ఎండిపోయి ఉన్నాయి.

మఖమల్ రవికలో తిరుపాలమ్మకు చెమట కాలువలు కట్టింది. ముఖం మీది రంగు కరిగి మెడ మీదికి జారుతుంటే జయంతి గుడ్డతో అద్దుతూ ఉంది. "నాలుగులో పెడతా. ఇంకా కిందికైనా పెడతా, నువ్వు సైగ చెయ్యి" అన్నాడు దాసప్ప. ఆమె తలూపింది. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు, ఉన్నదంతా ఆ పద్యానికే దాచుకుంది.

సీను వచ్చింది. తిరుపాలమ్మ మైకు ముందర నిలబడింది. దాసప్ప నాలుగో శ్రుతి పట్టాడు. ఆమె కళ్ళు స్టేజీ అంచున ఉన్న చెట్ల మీద పడ్డాయి. ఆ వెనక ఆడవాళ్ళు కళ్ళార్పకుండా ఆమె నోటి వైపే చూస్తున్నారు. వాళ్ళు అడుగుతున్నది నాలుగో శ్రుతి గొంతు కాదని ఆమెకు అనిపించింది. వానకు తెలిసిన గొంతు వేరే. భయం వేసింది, చాలా భయం వేసింది. అయినా చేతులు చాచి, హార్మోనియంను పట్టించుకోకుండా, పెన్న ఒడ్డున గొర్రెల్ని పిలిచినట్టు ఐదులో ఎత్తుకుంది.

దాసప్ప వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. మరుక్షణం ఐదుకు పరుగెత్తాయి. ఆమె గొంతు పలికింది. ఎన్ని నెలలకో, పగులూ బొంగురూ లేకుండా, కళ్ళం దాటి, ఎండిన చేల మీదుగా దూరంగా రోడ్డు దాకా పోయింది. రోడ్డు మీద పోతున్న బైకులాయన బండి ఆపాడు. తిరుపాలమ్మకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. పోలేదు, నా గొంతు నాకే ఉంది అనుకుంది. దాసప్ప తలెత్తి ఆమెను చూశాడు. పెళ్ళికి ముందు పెన్న ఒడ్డున చూసినట్టే చూశాడు.

ఆఖరి పాదం వచ్చింది. "చినుకు" అని పైకి తీసింది. ఆ పై స్థాయిలోనే లోపల ఎక్కడో దారం పుటుక్కుమన్నట్టయింది. నొప్పి కూడా పెద్దగా లేదు. నోరు తెరిచే ఉంది, గాలి వస్తూనే ఉంది, పాట లేదు.

మోకాళ్ళ మీద కూలబడింది. చెయ్యి గొంతు మీదికి పోయింది. దాసప్పకు అర్థమైపోయింది. మిగిలిన ముక్కను హార్మోనియం మీద తానే పలికించి, తెర వైపు చూసి తల ఆడించాడు, రా రా అని. తెర సందులోంచి సుంకప్ప కిరీటం కనబడుతూనే ఉంది. అతను రాలేదు. హార్మోనియం ఏమన్నా అతనికి లెక్క లేదు. ఆమె నోట్లోంచి ఆ మాట రాకముందు కాలు కదపొద్దని మేష్ట్రే చెప్పాడు. తిరుపాలమ్మ అటు తిరిగి, రమ్మని చేత్తో సైగ చేసింది. సుంకప్ప కత్తి గట్టిగా పట్టుకొని, నేను సిద్ధమే అక్కా, నువ్వు కానీ అన్నట్టు తలూపాడు.

రాణి మోకాళ్ళ మీద ఉంది, చేతులు ఆకాశం వైపు చాచి ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ముందు వరుసలో ఒకామె ఏడుపు అందుకుంది. "సూడమ్మా, ఏడ్సి ఏడ్సి గొంతే పూడిపోయినాది తల్లికి" అంది. ఆ పక్కామె కొంగు నోట్లో కుక్కుకుంది. మగవాళ్ళూ ముక్కులు చీదారు. ఇంత బాగా ఎప్పుడూ చేయలేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. అప్పుడు వెనక నుంచి ఈల వినబడింది.

"వన్స్ మోర్!"

ఊరంతా లేచి నిలబడింది. వన్స్ మోర్, వన్స్ మోర్. పిల్లలూ, ముసలివాళ్ళూ, ఏడుస్తున్న ఆడవాళ్ళూ. ముప్ఫై ఏళ్ళలో ఏ ఊళ్ళోనూ ఆమెకు అంత పెద్ద వన్స్ మోర్ పడలేదు.

దాసప్ప హార్మోనియం పక్కకు నెట్టి లేవబోయాడు. మైకులో చెప్పేద్దామని, ఇది నటన కాదప్పా అని అరుద్దామని. తిరుపాలమ్మ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఏమో, వస్తుందేమో. ఇంతసేపూ వచ్చిందే! పోయినట్టు పోయి తిరిగొచ్చిన రోజులు లేవా? ఇంతమంది అడుగుతుంటే రాకుండా ఉంటుందా? లేచి నిలబడింది. చీర సర్దుకుంది. మైకు ముందరికి వచ్చి జనానికి దండం పెట్టింది. అరుపులు సద్దుమణిగాయి. అందరూ మళ్ళీ ఎండలో కూర్చున్నారు.

దాసప్ప నాలుగు పట్టాడు. ఆమె నోరు తెరిచింది. మూడు పట్టాడు. రెండు పట్టాడు. ఇంకా కిందికి, మగవాడు కూడా పాడనంత కిందికి దించాడు. కళ్ళ వెంట నీళ్ళు కారి మీటల మీద పడుతున్నా దించుతూనే పోయాడు. ఆమె మెడ నరాలు తేలాయి. చేతులు చాచి, నోరు తెరిచి, ఉన్న బలమంతా పెట్టి నిలబడింది. ఏమీ రాలేదు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో లేచి అరిచారు.

"ఓ మైకప్పా! మైకు పోయినాది సూడు, ఆయమ్మ పాడేది ఈడికి ఇనబడల్యా!"

మైకు అబ్బాయి ఓబిలేష్ గబగబా స్టేజీ ఎక్కాడు. తిరుపాలమ్మ నోటి ముందర నుంచి మైకు తన వైపు తిప్పుకొని వేలితో రెండుసార్లు తట్టాడు. ఆ చప్పుడు నాలుగు దిక్కులా మోగింది. "హలో, హలో" అన్నాడు. ఆ మాట ఎండిన చేల మీదుగా రోడ్డు దాకా స్పష్టంగా పోయింది.

"మైకు బాగనే ఉండాదన్నా" అన్నాడు మైకులోనే.

ఊరంతా విన్నది. తిరుపాలమ్మ కూడా విన్నది. పైన మబ్బు తునక లేదు. తెర వెనక సుంకప్ప కత్తి దించకుండా ఆ ఒక్క మాట కోసం ఇంకా కాచుకొనే ఉన్నాడు.